ఆఖరి వరస చదివిన వ్యాను

మా వ్యానుకి కంటి ఆపరేషన్ జరుగుతున్నప్పుడు దాని తరఫు మనిషిగా బయట బెంచీ మీద కూర్చున్నది నేనే. లోపల ఏమవుతుందోనన్న దిగులుతో చేతిలోని ఆంజనేయస్వామి బిళ్ళను నలిపీ నలిపీ స్వామి తోక అరగదీశాను. నాకు భయం ఎక్కువని మా అమ్మాయి ఝాన్సీ అంటుంది. ఎక్కువేమీ లేదు. లోకంలో జరగడానికి వీలున్న చెడ్డవి ఎన్ని ఉన్నాయో, వాటన్నిటికీ సరిపడా ఉంది, అంతే.

ఆ వ్యాను మా ఆయనది. చుట్టుపక్కల వీధుల పిల్లల్ని బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ నేను లారీల గురించి భయపడ్డాను. సాయంత్రం రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నా మనసులో ఒక లారీ బయల్దేరేది. చివరికి ఆయన ఒకనాడు మజ్జిగన్నం తిని, మంచం మీద పడుకుని, పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. అప్పట్నుంచీ నాకు లారీలతో పాటు మంచాలన్నా భయమే. తరవాత ఝాన్సీ స్టీరింగ్ పట్టుకుంది. మా ఇద్దరికీ ఇప్పుడు అన్నం పెడుతున్నది ఆ వ్యానే.

వ్యానుకి ముందు రెండు లైట్లుంటాయి కదా, వాటి మీద అద్దాలుంటాయి. అద్దాలంటాం గానీ ప్లాస్టిక్కే. ఏళ్ళ తరబడి ఎండకి ఎండి అవి మసకేశాయి. ఎడమది కాస్త నయం, గంజి రంగులో ఉండేది. కుడిది మరీ పసుపుకొమ్ము. మా వాకిట్లో బండి పెడితే పడమటెండ ఆ కుడివైపే పడుతుంది మరి. ఆ కంపెనీ ఆ రకం బండ్లు చెయ్యడం ఎప్పుడో మానేసింది కాబట్టి కొత్తవి దొరకవు. చీకటిపడ్డాక ఆ లైట్లు వేస్తే దారి కనపడేది కాదు, లైట్లు వేశారన్న సంగతి మాత్రం కనపడేది.

ఆ బాధ నాకు తెలుసు. నా కుడికంటికి శుక్లం వస్తే ఊళ్ళో పెట్టిన ఉచిత కంటి శిబిరంలోనే తీయించుకున్నాను. ఎడమకంటిది ముదరలేదు, ముదిరాక రమ్మన్నారు. అది ఇప్పటికీ ముదరలేదు.

ఏటా వేసవి సెలవుల్లో వ్యానుని రవాణా ఆఫీసుకి తీసుకెళ్ళి ఫిట్‌నెస్ చేయించాలి. అది లేకపోతే బడులు తెరిచిన రోజు ఒక్క పిల్లను కూడా ఎక్కించుకోకూడదు. ఈసారి పై వీధిలో ఎవరో ఏసీ బస్సు దింపారు. అందులో టీవీ కూడా ఉందట. మా పిల్లల తల్లులు మా మొహం చూసి ఆగారు గానీ, “మొదటి రోజు మీ వ్యాను వస్తే సరే ఝాన్సీ, రాకపోతే మమ్మల్నేమీ అనుకోకు” అని ముందే చెప్పేశారు.

అందుకని ఎండలు ముదిరీ ముదరకముందే మస్తాన్ షెడ్డుకి వెళ్ళాం. మస్తాన్ మా ఆయన ఉన్నప్పట్నుంచీ మా బండి మెకానిక్కు.

“అరగంట పని పిన్నీ,” అన్నాడు మస్తాన్. “వాటర్ పేపర్ పెట్టి రుద్ది, పైన పాలిష్ కొట్టానంటే పెళ్ళికొడుకు కళ్ళలాగ మెరుస్తాయి.”

వాటర్ పేపరంటే నీళ్ళలో ముంచి రుద్దే గరుకు కాగితం. అతను దాన్ని బకెట్లో ముంచాడో లేదో, మైకు కట్టిన ఆటో ఒకటి వీధిలోకి వచ్చింది.

“వాహన యజమానులకు విజ్ఞప్తి. వయోవృద్ధ వాహనముల నేత్రములకు శిబిరము వెలుపల జరుపబడు ఎట్టి చికిత్స అయినను నాటువైద్యముగా పరిగణించబడును. అట్టి వాహనములకు యోగ్యతా పత్రము నిరాకరించబడును. చికిత్స జరిపిన వారిపై కఠిన చర్య గైకొనబడును.”

మస్తాన్ చేతిలోని కాగితం బకెట్లో పడిపోయింది. “నేను రుద్దలేదు పిన్నీ. ముంచానంతే. నువ్వే సాక్ష్యం,” అన్నాడు.

జరిగిందేమిటంటే, ఆ ఏడు పైవాళ్ళకి ముసలి బండ్ల మీద గౌరవం పుట్టింది. పాత బండి అనడం అవమానకరమనీ, ఇకమీదట వయోవృద్ధ వాహనము అనాలనీ ఉత్తర్వు వచ్చింది. వాటికి తగిన సేవ చెయ్యమని కూడా అందులో ఉందట. మా రవాణా ఆఫీసులో చిదానందరావుగారని ఒక పెద్ద అధికారి ఉన్నారు. వృద్ధులకి మన ఊళ్ళో ఏం చేస్తున్నాం అని ఆయన ఆలోచించారు. కంటి శిబిరం తప్ప ఇంకేమీ చెయ్యడం లేదని తేలింది. వెంటనే ఆరోగ్యశాఖ వాళ్ళ దగ్గర శిబిరం ఉత్తర్వు అడిగి తెప్పించుకుని, రోగి అని ఉన్నచోటల్లా వాహనము అని మార్పించారు. మిగతాది పెద్ద డాక్టర్లు ఆలోచించి రాసిందే కదా, చెయ్యి పెట్టడం ఎందుకని అలాగే ఉంచేశారు.

నిజం చెప్పొద్దూ, నాకది బాగానే నచ్చింది. నాలాగ అన్నిటికీ భయపడే మనుషులు ఆఫీసుల్లో కూడా ఉన్నారనిపించింది.

ఝాన్సీకి మాత్రం నచ్చలేదు. శిబిరం సంగతి తరవాత, ముందు ఫిట్‌నెస్‌కే వెళ్దాం, ఏమో పాసవుతుందేమో అంది. వెళ్ళాం. అక్కడ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పరాంకుశంగారు ఉన్నారు. లైట్ల పరీక్షకని ఒక చీకటి షెడ్డు ఉంది. వ్యాను లోపలికి పోనిచ్చి రేకు తలుపు దించారు.

“లైటెయ్యండి,” అన్నారాయన ముందు నిలబడి.

“వేశానండి.”

“వేశాక చెప్పండి.”

“వేసే ఉందండి.”

ఆయన వంగి కిందికి చూసుకున్నారు. “ఈ వెలుతురులో నా బూట్లు నాకే కనపడటం లేదు,” అన్నారు. “శిబిరానికి పంపుతున్నాను. నేత్ర స్వస్థత నిర్ధారణ అయిన పిమ్మటే యోగ్యతా పరీక్ష.”

శిబిరం ఆఫీసు ఆవరణలోనే వేశారు. శామియానా, మైకు, మామిడి తోరణాలు, పెద్ద బ్యానరు. గేటు దగ్గరే ఒకాయన ఆపాడు.

“వాహనము పరగడుపున ఉన్నదా?”

“పొద్దున కాస్త డీజిల్ పోశానండి,” అంది ఝాన్సీ.

“ఆపరేషన్ పెట్టుకుని పొద్దున్నే డీజిల్ ఎలా పోస్తారమ్మా? రేపేదైనా జరిగితే మమ్మల్ని అంటారు.”

ఏదైనా అనే మాట వింటే నేను తట్టుకోలేను. నేనే దగ్గరుండి ట్యాంకు ఖాళీ చేయించాను. ఖాళీ ట్యాంకుతో బండి నడవదు కాబట్టి తోసుకుంటూ లోపలికి తీసుకెళ్ళాం. అందరిదీ అదే పరిస్థితి. జీపులు, ఆటోలు, ట్రాలీలు, వాటి వెనక చెమటలు కక్కుతూ మనుషులు. దూరం నుంచి చూసేవాళ్ళకి రథోత్సవం అనిపించి ఉంటుంది. ఒకావిడ నిజంగానే కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది.

ముందు బీపీ చూశారు. అంటే టైర్లలో గాలి. “కొంచెం ఎక్కువుంది,” అని కొంత గాలి తీసేశారు. తరవాత షుగరు. ఒకమ్మాయి దూదితో బండి లోపలంతా తుడిచి, ఆ దూదిని ఏదో నీళ్ళలో పిండి, రంగు చూస్తోంది. మా ముందు బెల్లం లారీ ఉంది. దాని దూది చూడగానే ఆ అమ్మాయి మొహం మారిపోయింది.

“అదుపులోకి వచ్చాక తీసుకురండి. ఈ షుగరుతో కత్తి పెట్టలేరు.”

“సరుకు దింపేస్తే ఏముండదమ్మా,” అని డ్రైవరు బతిమాలుతున్నాడు.

“అందరూ అలాగే అంటారు,” అంది ఆ అమ్మాయి. మా వ్యానులో సీట్ల కింద పిల్లలు పారేసిన చాక్లెట్లు అతుక్కుని ఉన్నాయని నాకు తెలుసు. హద్దులోనే ఉందన్నారు. తిరుపతి కొండకి మొక్కుకున్నాను.

ఆ పైన చూపు పరీక్ష. చిదానందరావుగారు స్వయంగా చేస్తున్నారు. ఎదురుగా గోడకి తెల్లటి పట్టిక, దాని మీద పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి.

“సదరు వాహనము కుడి నేత్రమును మూసి, ఎడమ నేత్రముతో పట్టిక చదువవలెను,” అన్నారాయన.

“బండి ఎట్లా చదువుద్దండి?” అంది ఝాన్సీ.

ఆయన కోప్పడలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. “వాహనము మాట్లాడలేని స్థితిలో ఉన్నచో, వెంట వచ్చిన సహాయకురాలు దాని తరఫున చదువవచ్చును. ఉత్తర్వులో స్పష్టముగా ఉన్నది. సహాయకురాలు ఎవరు?”

నేను చెయ్యెత్తాను.

ఝాన్సీ వ్యాను కుడి లైటుకి గోనెపట్టా అడ్డం పెట్టింది. నేను నా కుడికన్ను మూసుకున్నాను. ఎడమకంటికి అంతా పొగమంచు. రెండు వరసలు తడుముకుంటూ చదివి ఆగిపోయాను. తరవాత అటు మూసి ఇటు తెరిచాం. ఆపరేషన్ అయిన కన్ను కదా, గోడ మీది బల్లి కూడా స్పష్టంగా కనపడింది. నాలుగు వరసలు టకటకా చదివాను. అయిదో వరసలో అన్నీ ఒత్తుల మీద ఒత్తులు. నేను అయిదో తరగతిలో ఒత్తులు పూర్తిగా రాకముందే బడి మానేశాను. అక్కడ ఆగిపోయాను.

చిదానందరావుగారు పక్కనున్న గుమాస్తాతో రాయించారు. “ఎడమ నేత్రము, శుక్లము ముదిరినది. శస్త్రచికిత్సకు అర్హము. కుడి నేత్రము, ముదరలేదు. ముదిరిన పిమ్మట తీసుకురావలెను.”

“సార్, కుడిదే ఎక్కువ మసకండి,” అంది ఝాన్సీ. “ఇటొచ్చి చూడండి, పసుపుకొమ్ములాగ ఉంది.”

“చూసి నిర్ణయించుటకు మనమెవరమమ్మా? పరీక్ష ఉన్నది కదా,” అన్నారాయన.

ఎడమ లైటు ఆపరేషన్‌కి వ్యానుని ఆకుపచ్చ తెరల వెనక్కి తోశారు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఏం జరిగినా ఎవరి బాధ్యతా లేదని వేలిముద్ర వేయమన్నారు. సంతకం వచ్చండి అన్నాను. కంగారులో ఉన్నవాళ్ళకి వేలిముద్రే మంచిదన్నారు. కాసేపటికి తెర సందులోంచి ఆకుపచ్చ గౌను, మూతికి గుడ్డ, చేతులకి తొడుగులు వేసుకున్న మనిషి తల బయట పెట్టాడు.

“పిన్నీ, నేనే,” అన్నాడు మెల్లగా. మస్తాన్ గొంతు. “పైకి అనబాక. నన్ను పిలిపించి శస్త్రకారుడు అని బిళ్ళ కట్టారు.”

“ఏం చేస్తున్నావయ్యా దాన్ని?”

“వాటర్ పేపరే. బకెట్టు కూడా మన షెడ్డుదే.”

“ఆ కుడిదాన్ని కూడా ఓ చెయ్యి చూడు నాయనా.”

“అమ్మో, అది ముదరలేదని రాసుంది. నా మీద కేసవుద్ది.”

ఎడమ లైటు అద్దంలా తయారైంది. ఆ అద్దాన్ని మేం చూసింది ఒక్క క్షణమే. వెంటనే దాని మీద ఆకుపచ్చ గుడ్డ కట్టేశారు. జాగ్రత్తలన్నీ ఒకమ్మాయి చదివి వినిపించింది. తలస్నానం చేయించకూడదు, అంటే బండి పైన నీళ్ళు పొయ్యకూడదు. కుదుపులు తగలకూడదు. ముందుకి వంగకూడదు, కాబట్టి వంతెన దిగేటప్పుడు వెనక్కి తిప్పి దించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆపరేషన్ అయిన కంటికి వెలుతురు పడకూడదు. కాబట్టి ఆ లైటు వెయ్యకూడదు.

“మళ్ళీ వచ్చినప్పుడు ఎడమ నేత్రము ఆఖరి వరస వరకు చదువవలెను,” అన్నారు చిదానందరావుగారు. “లేనిచో చికిత్స విఫలమైనట్లు భావించి నేత్రము తొలగించబడును.”

నేను మళ్ళీ ఆంజనేయస్వామి బిళ్ళ అందుకున్నాను.

చీకటి షెడ్డుకి మళ్ళీ వెళ్ళాం.

“లైటెయ్యండి.”

“ఎడమదానికి కట్టుందండి. వెయ్యకూడదన్నారు.”

“కుడిది వెయ్యండి.”

“వేశానండి.”

“వేశాక చెప్పండి,” అని, తనకే గుర్తొచ్చి పరాంకుశంగారు నిట్టూర్చారు. “ఒకటి కట్టు, ఒకటి మసక. ఇవ్వలేనమ్మా.”

“కుడిది చెయ్యమంటే ముదరలేదన్నారు సార్,” అంది ఝాన్సీ. “ఇంకో పక్క బడులు తెరుస్తున్నారు.”

“అయితే ముదరబెట్టుకుని రండి. బడులు తెరిచే ముందురోజు ఆఖరి శిబిరం ఉంది.”

ఝాన్సీ దారి పొడుగునా తిట్టుకుంటూనే ఉంది. నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. మామిడికాయలు ముగ్గబెట్టడం నాకు రాదా ఏమిటి. ఇంటికెళ్ళగానే కుడి లైటు చుట్టూ వరిగడ్డి చుట్టి, పాత చీరతో బిగించి కట్టాను. మధ్యాహ్నం గడ్డి తీసి ఎండ తగలనిచ్చాను. అన్నం ఉడికేటప్పుడు గిన్నె పట్టుకెళ్ళి ఆవిరి పట్టాను. సాయంత్రం సాంబ్రాణి పొగ వేశాను. పైన ఆముదపు మసి కూడా పూశాను. రోజూ బొటనవేలితో నొక్కి, వాసన చూసి, ఇంకా పచ్చిగానే ఉందేమో అనుకునేదాన్ని.

“అమ్మా, ఈ లైట్లు మసకేశాయని నాన్న ప్రాణం తీశావు రోజూ,” అంది ఝాన్సీ గుమ్మంలో నిలబడి. “ఇప్పుడు నువ్వే పొగ పెడుతున్నావా?”

“గవర్నమెంటు ముదరబెట్టుకోమంది.”

“గవర్నమెంటు గుంతలో దూకమంటే దూకుతావా?”

“గుంత ఎక్కడుందే?” అన్నాను భయంగా.

అది నవ్వుతూ లోపలికి పోయింది. నాకు నవ్వు రాలేదు. సాయంత్రం పూట ఆ లైటు వేసి చూస్తే నిన్నటికంటే తగ్గిందని సంతోషం వేసేది. ఆ వెంటనే, నా కూతురు ఎక్కి తిరిగే బండికి నా చేత్తో నేనే చూపు తీస్తున్నానని తెలిసి ఒళ్ళు జలదరించేది. చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఏసీ బస్సు రోజూ మా వీధిలోంచి హారన్ కొట్టుకుంటూ పోయేది, ఉత్తినే.

ఇక ఆఖరి వరస. ఝాన్సీ తెలివిగా ఆ పట్టికని ఫోన్లో ఫొటో తీసుకొచ్చింది. చెప్పడానికి మాత్రం ఓపిక లేదు దానికి. “అది క్ష్మ అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి,” అని విసుక్కునేది. అందుకని మా వ్యానులో వచ్చే మూడో తరగతి పూర్ణిమ ఆ పని నెత్తినేసుకుంది. సెలవుల్లో ఏమీ తోచక తిరుగుతోందేమో, పలకా బలపం పట్టుకుని పొద్దున్నే హాజరు.

“అమ్మమ్మా, క్ష కింద మ పెట్టు. ఆ మ తోక ఎటుంది?”

“కిందికి.”

“పక్కకి. మా టీచరైతే నిన్ను బెంచీ ఎక్కించేది.”

“ఎక్కితే పడతానే, మోకాలు పోతుంది.”

“అయితే కూర్చునే చదువు. జ్ఞ అను. నాలిక బయట పెట్టకు.”

వేరుశనక్కాయలు వేయించి పెడితే కూడా పాఠం అయ్యాకే తిన్నది ఆ పిల్ల. క్ష్మ, జ్ఞ, ష్ట్ర, ర్ఘ్య. ఒక్కో ఒత్తూ లొంగుతుంటే నాకే ఆశ్చర్యంగా ఉండేది. పప్పు పొట్లం కాగితాలు చదివాను. పంచాంగం చదివాను. మందు సీసా మీద ఏమేం జరగవచ్చో రాసి ఉంటుందని అప్పుడే తెలిసింది. ఆ మందు మానేశాను.

ఆఖరి శిబిరం రోజు బయల్దేరే ముందు ఝాన్సీ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. “అమ్మా, విను. ఎడమకన్నుతో మొత్తం చదివెయ్. కుడికన్నుకి వచ్చేసరికి ఏమీ కనపడట్లేదని చెప్పు. అప్పుడే దాన్ని కూడా రుద్దుతారు. సరేనా?”

సరేనన్నాను. దారంతా అదే వల్లించుకున్నాను.

ముందు ఎడమకన్ను. నా కంటికి అక్షరాలు పొగలోనే ఉన్నాయి. అయితే ఏ పొగలో ఏ ఒత్తుందో నాకు తెలుసు. ఆఖరి వరస దాకా ఆగకుండా చదివేశాను. చిదానందరావుగారు తల పంకించి, “చికిత్స జయప్రదము” అని రాయించి ఆకుపచ్చ గుడ్డ విప్పించారు. ఝాన్సీ దాన్ని మడిచి సీటు కింద పడేసింది.

తరవాత కుడికన్ను. మసితో కారునల్లగా ఉన్న కుడి లైటు ఒక పక్క, ధగధగలాడే పట్టిక ఒక పక్క.

“చదవండి. ఉన్నది ఉన్నట్లు చదువవలెను. అసత్యము పలికినచో వాహనము, సహాయకురాలు ఇరువురూ శిక్షార్హులు,” అన్నారాయన మామూలుగా.

ఆ మాట ఎందుకన్నారో. నోరు తెరిచి కనపడట్లేదని చెప్దామనుకున్నాను. జైలు కనపడింది. జైల్లో మంచం కనపడింది. నా నోరు దానంతటదే మొదటి వరస అందుకుంది. రెండు, మూడు, నాలుగు. వెనకనుంచి ఝాన్సీ దగ్గుతోంది. అయిదు. దగ్గు ఎక్కువైంది. క్ష్మ, జ్ఞ, ష్ట్ర, ర్ఘ్య. అన్నీ చదివేసి, అచ్చువేసిన ప్రెస్సు పేరు కింద చిన్నగా ఉంటే అది కూడా చదివి అప్పుడు ఆగాను.

చిదానందరావుగారు కుర్చీలోంచి లేచారు.

“ఈ శిబిరము ప్రారంభమైనది మొదలు నేటి వరకు ఏ వాహనమును ఆఖరి వరస కుడికంటితో ఇంత నిర్దుష్టముగా చదివి ఉండలేదు,” అన్నారు. “కుడి నేత్రము సంపూర్ణ ఆరోగ్యముతో ఉన్నది. చికిత్స అనవసరము.”

“అయిపోయింది,” అంది ఝాన్సీ. నేను నేల మీద కూలబడ్డాను. రేపు పొద్దున్న పూర్ణిమ ఏసీ బస్సెక్కి టీవీ చూస్తూ పోతున్నట్టు కళ్ళకి కట్టింది. నాకు ఒత్తులు నేర్పి మరీ పోతున్నట్టు.

మేం ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. ఎవరో శాలువా తెమ్మన్నారు. ఇంకెవరో పూలదండ తెచ్చారు. ఆదర్శ వయోవృద్ధ వాహనము అని మైకులో చెప్పి, వ్యాను ముందు భాగానికి శాలువా కప్పి, అద్దాలు తుడిచే పుల్లలకి దండ వేశారు. చిదానందరావుగారు వ్యాను పక్కన నిలబడి ఫొటో దిగారు. ఇంత వయసులోనూ ఇంతటి చూపు కలిగి ఉండుటకు నియమబద్ధ జీవితమే కారణమని ప్రసంగించారు. వ్యానుని రెండు మాటలు మాట్లాడమన్నారు. అది మాట్లాడలేని స్థితిలో ఉంది కాబట్టి నేను లేచి, అందరికీ నమస్కారం, బండ్లు మెల్లగా నడపండి అని కూర్చున్నాను.

శాలువాతోటే చీకటి షెడ్డుకి తీసుకెళ్ళాం. తలుపు దించారు.

“ఎడమది వెయ్యండి,” అన్నారు పరాంకుశంగారు. ఝాన్సీ వేసింది. షెడ్డు మూల మూలా వెలిగింది. ఆయన బూట్లు, బూట్ల లేసులు, వాటి మీద దుమ్ము అన్నీ కనపడ్డాయి. “దాన్ని ఆర్పి కుడిది వెయ్యండి.”

కటిక చీకటి.

“వేశారా?”

“వేశానండి.”

చీకట్లో కాగితం రెపరెపలాడిన చప్పుడైంది. కుడి నేత్రము సంపూర్ణ ఆరోగ్యము అని చిదానందరావుగారు సంతకం పెట్టి ఇచ్చిన కాగితం అది. చిదానందరావుగారు ఆయనకి పై అధికారి.

“దివ్యంగా ఉంది,” అన్నారు పరాంకుశంగారు నిదానంగా. ఆయన ఒక అడుగు వేసినట్టున్నారు, స్తంభానికి ఏదో గట్టిగా తగిలిన చప్పుడైంది. “దివ్యంగా ఉంది,” అని మళ్ళీ అన్నారు, ఈసారి కొంచెం ముక్కుతో.

ఫిట్‌నెస్ ఇచ్చేశారు. మళ్ళీ ఏడాది దాకా ఎవరూ మా బండి మొహం చూడరు.

ఆఫీసు గేటు దాటగానే ఝాన్సీని మస్తాన్ షెడ్డుకి పోనిమ్మన్నాను. మస్తాన్ గౌను విప్పేసి లుంగీలో ఉన్నాడు. కుడి లైటు చూసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. “ఏం చేశావు పిన్నీ దీన్ని? బిర్యానీ డేగిసా అడుగు కూడా ఇంత నల్లగా ఉండదే.”

“ముదరబెట్టాను. రుద్దు నాయనా, ఎవరూ చూడకుండా.”

తలుపు వేసుకుని రుద్దాడు. నాటువైద్యమే. అరగంట పట్టింది.

ఇంటికి బయల్దేరేసరికి పొద్దు గూకింది. ఝాన్సీ రెండు లైట్లూ వేసింది. మా ఆయన పోయాక ఆ దారి నేను అంత స్పష్టంగా చూడటం అదే మొదటిసారి. చెట్ల కొమ్మలు, రాళ్ళు, రోడ్డు అంచున నడిచే మనిషి చెప్పుల మడమలు కూడా కనపడుతున్నాయి. పూర్ణిమ వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి రేపు పొద్దున్న తయారుగా ఉండమని చెప్పింది ఝాన్సీ. దాని గొంతులో ఎన్నాళ్ళకో పాట ఉంది.

“చూడమ్మా, ఎంత బావుందో,” అంది.

అప్పుడు కాలువ మలుపు దగ్గర బోర్డు ఒకటి తళుక్కున మెరిసింది. ఇన్నేళ్ళూ అది సబ్బు ప్రకటన అనుకునేదాన్ని. నా నోరు దానంతటదే చదివేసింది. అత్యంత ప్రమాదకరమైన మలుపు.

కొంచెం ముందు ఇంకోటి. వంతెన శిథిలావస్థలో ఉన్నది. దాని పక్కనే, విద్యుత్ తీగలు తాకినచో మరణము. ఆ పైన ఎర్ర అక్షరాలతో, ఇచ్చట తరచుగా ప్రమాదములు జరుగును. ఈ దారినే ఆయన ఇరవై ఏళ్ళు తిరిగాడు. ఇప్పుడు నా కూతురూ తిరుగుతోంది. నేను ఇంట్లో కూర్చుని ఒక్క లారీ గురించి మాత్రం భయపడుతున్నాను, వెర్రిదాన్ని. ఇక్కడ ఇంత రాసిపెట్టి ఉంటే.

“ఝాన్సీ,” అన్నాను, సీటు గట్టిగా పట్టుకుని. “ఆ ఆకుపచ్చ గుడ్డ పారేశావా?”

“సీటు కింద ఉంది. ఎందుకమ్మా?”

“ఉండనీ,” అన్నాను కింద వెతుక్కుంటూ. “రేపట్నుంచి నేనూ వస్తాను నీతో. కనపడింది చాలు, నాకు కట్టు.”